వదలండమ్మ

“పీట లోపలికి పోయిందంటే పోయినట్టే. మళ్లీ దాన్ని హాల్లోకి తెచ్చి నా కాళ్ల కింద పెట్టొద్దు, చెప్తున్నా” అంటున్నారు మా అత్తగారు, బాత్రూము తలుపుకి అవతల.

“కడిగే తెస్తోంది కదమ్మా” మా ఆయన గొంతు.

“కడిగితే? చెప్పు కడిగి కంచం చేసుకుంటామా?”

“ఇంకోటి కొంటే పోయె. పొద్దున్నే ఒక్క పీటకి ఇంత పంచాయితీ ఏంటమ్మా నీకు?” ఇది మా ఆడపడుచు. వంటింటి పంపు దగ్గర పళ్లు తోముకుంటున్నట్టుంది, మాటల్లో నురగ వినిపిస్తోంది.

ఆ పీట మీదే ఉన్నాయి ఇప్పుడు నా రెండు పాదాలు. పెట్టగానే చల్లగా, తడిగా తగిలింది. మోకాళ్లు నడుం కంటే ఎత్తున, మోచేతులు మోకాళ్ల మీద, వీపు కాస్త ముందుకు వంచి, కమోడ్ మీద వదలండమ్మ చెప్పినట్టే కూర్చున్నాను. గడియ పెట్టాను. పెట్టానా? పెట్టాను, కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది, అయినా చెయ్యి చాచి ఒకసారి తడిమి చూసుకున్నాను. ఈ తలుపు పేరుకే తలుపు. మాటలు జల్లెడలోంచి పిండి దిగినట్టు దిగుతాయి. వాళ్ల మాటలు నాకు వినిపిస్తున్నాయంటే ఇక్కడి నిశ్శబ్దం కూడా వాళ్లకి వినిపిస్తూనే ఉంటుంది. పీట గురించి కాదు వాళ్ల గోల, నాకు తెలుసు. మా ఆయన డ్యూటీకి వెళ్లేలోపు ఫోన్ చేసి ఔనో కాదో చెప్పాలి. రాత్రి అడిగితే పొద్దున చెప్తానన్నాను. అందుకని ముగ్గురూ ఈ తలుపు చుట్టూ తిరుగుతున్నారు, పీట అని, పేస్టు అని, తువ్వాలు అని. పరీక్ష రాస్తున్న పిల్ల వీపు వెనక నిలబడే మాస్టార్లలాగా.

ఫోన్ చెయ్యాల్సింది ఒక సర్జన్ గారికి. మా ఆయన లిఫ్టులు బాగు చేస్తారు. ఒక ఆస్పత్రిలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే, అందులో ఇరుక్కున్న ఆ సర్జన్ గారిని బయటికి లాగింది ఈయనే. లాగుతూ చెప్పారో, లాగాక కాఫీ తాగుతూ చెప్పారో తెలియదు గానీ నా సంగతి ఆయనకి చెప్పారు. ‘తీసుకురండి, చిన్న కోతతో పోయేదానికి ఇన్నేళ్ల బాధ ఎందుకు’ అన్నాడట. నన్ను చూడలేదు, నా పరీక్షలు చూడలేదు. లిఫ్టులోంచి బయటపడ్డ ఆనందంలో మనిషి ఎవరికైనా ఏదైనా ఇచ్చేస్తాడు. ఈయనకి నా కోత ఇచ్చాడు. ఈయన దాన్ని బహుమతి అందుకున్నట్టు ఇంటికి పట్టుకొచ్చారు. విప్పి చూడనిదే ఏదీ బాగుపడదని ఈయన నమ్మకం. హాల్లో గడియారం విప్పారు, మిక్సీ విప్పారు, నేను ఊళ్లో లేనప్పుడు నా కుట్టుమిషను కూడా విప్పారు. ఆ గడియారం అప్పట్నించి అలిగిన చుట్టంలా ఎప్పుడు కదులుతుందో ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. ఇప్పుడు మిగిలింది నేనే. ఈయనకి సర్జన్ మీద నమ్మకమా, లేక పొద్దున్నే బాత్రూము దొరకాలనా? అడగలేదు. అడిగితే దగ్గుతారు. దగ్గారంటే దొరికిపోయారన్నట్టే. మొన్న ఆడపడుచు నవ్వుతూ “ఏంటి వదినా, పుట్టినరోజా? బెలూన్లట!” అన్నప్పుడు కూడా పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు ఆ బెలూన్ సంగతి, ఈయనకి తప్ప. ఈయన నోట్లో నువ్వు గింజ నానదు.

బెలూన్ అంటే బెలూనే. పొడులు అయ్యాయి, సిరపులు అయ్యాయి, గింజలు నానబెట్టుకు తాగడం అయింది, చెంబులకి చెంబులు నీళ్లు అయ్యాయి. వారానికోసారి యుద్ధం, యుద్ధమయ్యాక కూడా ఇంకా మిగిలిందన్న అనుమానం. చివరికి కడుపు డాక్టరు ఒక పరీక్ష చేయించాడు. వేలెడంత బెలూన్‌లో కాసిని నీళ్లు నింపి, లోపల పెట్టి, బయటికి తొయ్యమన్నారు. ఓ కూతుర్ని కని, పెంచి, హాస్టలుకి పంపినదాన్ని, ఆ నీళ్ల బుడగని తొయ్యలేకపోయాను. కళ్లు తిరిగేదాకా ముక్కాను. డాక్టరు కాగితాలేవో చూసి, “మీ పేగు బాగానే ఉంది, దారి మూసుకుపోలేదు. మీరు తోసేటప్పుడు కింద కండరాలు వదులవ్వాలి, మీవి బిగుసుకుంటున్నాయి. ఒక చేత్తో తలుపు తోస్తూ రెండో చేత్తో గడియ పెడుతున్నారు. దీనికి కోత అక్కర్లేదు, ఒట్టి మందుతోనూ పోదు. నేర్చుకోవాలి” అన్నాడు. నేర్చుకోవాలట! పుట్టిన బిడ్డకి ఎవరు నేర్పారు? పిల్లికి ఎవరు నేర్పారు? నలభై దాటినదాన్ని, దీనికి కూడా ట్యూషన్ పెట్టించుకోవాలా? కోస్తానన్న డాక్టర్ని ఒక కంటితో చూడాలి, కొయ్యనన్న డాక్టర్ని రెండు కళ్లతో చూడాలి అనుకున్నాను. ఏదో ఉంది ఈ డాక్టరుకీ పక్క గదివాళ్లకీ మధ్య. లేకపోతే నేరుగా పక్క గదిలోకే ఎందుకు పంపుతాడు?

ఆ పక్క గదిలో ఉండేదే వదలండమ్మ. అసలు పేరు కోటుకి గుచ్చుకుని ఉంటుంది, చదివాను, మర్చిపోయాను. నా కూతురి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. వెళ్లినప్పట్నించి వచ్చేదాకా ఒకటే మాట, “వదలండమ్మా, వదలండమ్మా.” పక్కకి తిరిగి పడుకోమంటుంది, దుప్పటి కప్పుతుంది, సన్నటి గొట్టంలాంటిది లోపల పెడుతుంది, దాని తీగ పోయి టీవీలాంటి ఒక డబ్బా వెనక దూరుతుంది. తెర మీద పచ్చ గీత. బిగిస్తే లేస్తుంది, వదిలితే దిగుతుందట. మొదటిసారి తొయ్యమంటే తోశాను. గీత గాలిపటంలా లేచింది. బాగా చేశాననుకుని ఆ అమ్మాయి మొహంలోకి చూశాను. “అది దిగాలమ్మా” అంది. “మీరు తోస్తున్నాననుకుంటున్నారు. బిగిస్తున్నారు.” నాకు ఒళ్లు మండింది. నా ఒంట్లో నేనేం చేస్తున్నానో నాకు తెలియదు గానీ ఆ డబ్బాకి తెలుసట. బయట వరండాలో కూర్చున్న ఒకావిడని మెల్లగా అడిగాను, మీకూ గీత లేస్తుందా అని. ఆవిడది వేరే తంటా. నవ్వితే ఆగదట, తుమ్మితే ఆగదట. ఆవిడకి బిగించడం నేర్పుతున్నారట. నాకు వదలడం, ఆవిడకి బిగించడం, ఇద్దరికీ అదే మంచం, అదే డబ్బా, అదే వదలండమ్మ. అనుమానం రాదా మరి? ముందే తీసిపెట్టిన సినిమా ఏదో అందరికీ తిప్పి చూపిస్తున్నారేమో, ఎవరు చూడొచ్చారు?

“వదినా, ఇంకా ఎంతసేపు?”

అదిగో. చూశావా. కింద ఏదో పిడికిలి ముడుచుకున్నట్టు అయింది. వచ్చే దారిలో ఉన్నది కాస్తా వెనక్కి తిరిగిపోయింది. “వస్తున్నా” అన్నాను, అలవాటు కొద్దీ. ఎక్కడికి వస్తున్నాను? ఏదీ రాందే నేనెలా వస్తాను? మామగారు బతికుండగా ఒక జోకు వేసేవారు, వదిన అంటే ఏంటో తెలుసా, ఎవర్నీ వదలనిది, ఏదీ వదలనిది అని. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. మంచాన పడ్డాక ఆయన నన్ను వదలనే లేదు, అది వేరే సంగతి. ఊపిరి. ఊపిరి పొట్టలోకి తీసుకోవాలి, ఛాతీలోకి కాదు. పొట్ట ముందుకి రావాలి. దవడ వదలాలి, కాలివేళ్లు వదలాలి. ముక్కొద్దు మూలగొద్దు అంటుంది వదలండమ్మ. కాసేపు చూడండి, రాకపోతే లేచి వచ్చెయ్యండి, రేపుంది అంటుంది. రేపుందట. ఆ పిల్లకి చాలా రేపులున్నాయి.

రేపు, తర్వాత, కాసేపాగు. ఈ మాటలు నేను నా ఒంటికి ఎన్నిసార్లు చెప్పానో. మా కొట్టుకి బాత్రూము లేదు. కొట్టంటే నాది కాదు, నేనూ ఇంకో ఇద్దరం అందులో ప్యాంట్లూ కోట్లూ గౌన్లూ సరిచేసి ఇస్తాం. బిగుతైనవి వదులు చేస్తాం, వదులైనవి బిగుతు చేస్తాం. బాత్రూము వెనక సందులో ఉంది, తాళంచెవి పక్కన జిరాక్స్ షాపతని దగ్గర ఉంటుంది, ఒక పెద్ద చెక్కముక్కకి కట్టి. అది చేత్తో పట్టుకుని సందులోకి నడిస్తే వీధి వీధంతా చాటింపు వేసినట్టే. జిరాక్స్ అతను తాళం ఇస్తూ ఒకసారి, తీసుకుంటూ ఒకసారి గోడ మీద గడియారం చూస్తాడు. చూస్తాడా? చూసినట్టే ఉంటుంది నాకు. అందుకని ఇంటికెళ్లాక అనుకునేదాన్ని. ఇంటికొస్తే ఇంట్లో వరస. ముందు ఈయన డ్యూటీ, ఆడపడుచు కళ్లజోళ్ల షాపు, అత్తగారి మోకాళ్లు, పిల్ల ఉన్నన్నాళ్లూ పిల్ల బడి. అందరిదీ అయ్యాక నేను. నా వంతు వచ్చేసరికి ఎవరో ఒకరు వదినా, అమ్మాయీ, ఏమోయ్. ఎక్కడ నేర్చుకున్నారు ఈ బిగింపు అని వదలండమ్మ అడిగినప్పుడు, పుట్టుకతో వచ్చిందేమో అన్నాను. ఆ పిల్లకి ఇవన్నీ చెప్పుకుంటానా నేను?

కానీ ఆ పిల్ల తక్కువది కాదు. రెండోసారి వెళ్లినప్పుడు గీత ఎంతకీ దిగదు. వదలండమ్మా అంటుంది, వదిలానంటాను, గీత మాత్రం అటక మీదే. అప్పుడు మాట మార్చింది. “మీరు ఏం కుడతారమ్మా?” అంది, తెర వంక చూడకుండా, ఊరికే అడిగినట్టు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కోటు లోపలి గుడ్డ చిరిగితే పై గుడ్డ మీద చెయ్యి పడకుండా ఎలా మార్చాలో, అందులో ఎక్కువమంది చేసే తప్పేమిటో చెబుతున్నాను. చెబుతూ చెబుతూ చూద్దును కదా, గీత దిగింది. పరుపు మీద పిల్లి పడుకున్నట్టు పడుకుంది. ఠక్కున నోరు మూశాను. ఇది నా విద్య! కొట్టుకి వచ్చినవాళ్ల నడుం కొలవబోతే ప్రతివాళ్లూ పొట్ట లోపలికి లాక్కుంటారు. వదలండి సార్, ఊపిరి వదలండి అంటే, వదిలానమ్మా అంటారు, వదలరు. అబద్ధం కాదు, వదిలామనే అనుకుంటారు పాపం. అందుకని నేను టేపు చుట్టి, కొలత చూడకుండా, మీ అబ్బాయి పరీక్షలెలా రాశాడు సార్ అని అడుగుతాను. సమాధానం నోటికి వచ్చేలోపు పొట్ట దిగుతుంది. అప్పుడు చూస్తాను టేపు. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల పొట్టలన్నీ ఇలాగే దించాను నేను. పాము కాళ్లు పాముకే ఎరుక. ఈ పిల్ల నా మీదే టేపు చుట్టిందన్నమాట! నాకు కోపం వచ్చింది, దాని అడుగున ఎక్కడో కాస్త మెప్పు కూడా వచ్చింది. నోరు మూసుకునే సరికి గీత మళ్లీ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

సరే, మనిషి మాయ చెయ్యొచ్చు, డబ్బా సంగతి తేల్చాలి అనుకున్నాను. ఆ తర్వాతిసారి వెళ్లి, ఏమీ చెయ్యకుండా పడుకున్నాను. తొయ్యలేదు, బిగించలేదు, మాట్లాడలేదు. గోడ మీద పెచ్చులూడిన చోట పడవలాంటి బొమ్మ కనిపిస్తే దాన్నే చూస్తూ ఉన్నాను. గీత మిషను కుట్టు వేసినట్టు తిన్నగా పోతోంది. సినిమాయే అనుకున్నాను, దొరికారు అనుకున్నాను. అప్పుడు బయట వరండాలో ఎవరో ఆడపిల్ల గట్టిగా పిలిచింది, “వదినా!” అని. గీత ఎగిరింది. సూది వేలికి గుచ్చుకున్నప్పుడు చెయ్యి ఎగిరినట్టు ఎగిరింది. వదలండమ్మ తెర వంక చూసి, నా వంక చూసి, “ఏమైందమ్మా? కదిలారా?” అంది. కదల్లేదు. నేను వేలు కూడా కదపలేదు. నన్ను పిలవలేదు కూడా. ఎవరి వదిననో ఎవరో పిలుచుకున్నారు. ఆ డబ్బాకి తెలుగు రాదు, వరసలు రావు, వదిన అంటే ఎవరో దానికి తెలియదు. మరి ఎగిరిందెవరు? అంతవరకూ డాక్టర్ని అనుమానించాను, పిల్లని అనుమానించాను, డబ్బాని అనుమానించాను. ఆ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, మొట్టమొదటిసారి నన్ను నేను అనుమానించుకున్నాను. నా లోపల నాకు తెలియకుండా ఎవరో కాపలా కూర్చుని ఉన్నారు, పిలుపు వినపడగానే గేటు వేసెయ్యడానికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వదినా అంటే చాలు...

“అసలు ఆ పీట అక్కడే ఉంచమంటున్నాను నేను. ఎన్నిసార్లు చెప్పాలి?” అత్తగారు మళ్లీ ఎత్తుకున్నారు.

“ఇందాక పట్టుకెళ్లొద్దన్నావు కదమ్మా!”

“హాల్లోకి తేవొద్దన్నాను. పట్టుకెళ్లొద్దనలేదు. చెవుల్లో కూడా గ్రీజు పోసుకున్నావట్రా?”

నిజమే. ఏమన్నారు ఆవిడ మొదట? లోపలికి పోయిందంటే పోయినట్టే అన్నారు. బయటికి తేవద్దన్నారు. మడమలు నొప్పి అని, ఎత్తు కావాలని, ఈ పీట తెప్పించుకున్నదే ఆవిడ. దాన్ని నేను లాక్కుపోతే ‘నా పీట నాకివ్వు’ అనాలి కదా మామూలుగా? లోపలే ఉంచమంటారేంటి? ఏదో తిరకాసు ఉంది ఇందులో. పాదాల కింద పీట ఇంకా చల్లగానే ఉంది. తడి. నిన్న పొద్దున కడిగి హాల్లో గోడకి ఆనించాను. రాత్రంతా ఫ్యాన్ కింద ఉంది. చెక్క పీట, ఒక రాత్రికి ఎండదా? ఎండుతుంది. ఎండిన పీట నేను ముట్టుకోకముందే ఎలా తడిసింది? ఎవరు కడిగారు? ఈయన కాదు, ఈయన తాగిన గ్లాసు కూడా కడగరు. ఆడపడుచు ఇప్పుడే లేచింది. అందరికంటే ముందు లేచేదీ, హాల్లో పడుకునేదీ, మోకాళ్లు పట్టేశాయంటూ తెల్లారకముందే ఇందులో దూరి, నీళ్ల చప్పుడు కూడా లేకుండా చాలాసేపు ఉండిపోయేదీ ఒక్కరే. అరగదమ్మాయీ నాకు, వయసు కదా, అనేవారు. సోంపు నమిలేవారు. నా సిరపు సీసా అడుగంటినప్పుడల్లా నేనే ఎక్కువ తాగానేమో అనుకునేదాన్ని. ఒకరోజు వదలండమ్మ ఏం చెప్పిందని ఎన్ని ప్రశ్నలు వేశారు ఈవిడ! కాళ్లు ఎంత ఎత్తున పెట్టుకోవాలంట, వీపు వంచాలా నిటారుగానా, ఊపిరి ఎక్కడ ఆపాలంట? ఆపకూడదు అత్తయ్యా, వదలాలట అన్నాను. ఆరా తీస్తున్నారనుకున్నాను, వీధిలో చెప్పడానికి. ఎంతమాట అనుకున్నాను ఆవిణ్ణి. ఆరా కాదు, పాఠం చెప్పించుకున్నారన్నమాట నా చేత. పీట హాల్లో ఉంటే చీకట్లో ఆ మోకాళ్లతో మోసుకురావాలి, కడిగి మళ్లీ మోసుకుపోవాలి, ఎవరూ చూడకుండా. అందుకని లోపలే ఉండాలి. అడగడానికి నోరు రాక, పీట మీద పోట్లాట పెట్టుకున్నారు. ఎన్నేళ్లయిందో ఆవిడకీ ఈ బాధ మొదలై. నా పెళ్లికి ముందు నుంచీనా? ఆవిణ్ణీ వదినా అని పిలిచేవాళ్లు ముగ్గురుండేవారు ఈ ఇంట్లో...

ఏదో అయింది. ఏమైందో కాసేపు అర్థం కాలేదు. పొట్ట దిగి ఉంది. దవడ వేలాడుతూ ఉంది. అత్తగారి పీట గుట్టు విప్పుతూ నేను నా సంగతి మర్చిపోయినట్టున్నాను. గొడవ చెయ్యకుండా, అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చి వెళ్లిపోయినట్టు, అదంతట అది వెళ్లిపోయింది. ముక్కలేదు, మూలగలేదు, కళ్లు తిరగలేదు. సంతోషపడలేదు నేను. అంత తొందరగా నమ్మే మనిషిని కాదు. నిన్న తిన్న బొప్పాయేమో. పొడేమో. ఒక్కసారి అయినదాన్ని నమ్మితే రెండోసారి ఏడిపిస్తుంది, నాకు తెలుసు. కానీ బొప్పాయి కొత్తది కాదు, పొడి కొత్తది కాదు. కొత్తదేమిటి? నా మీద నేనే టేపు చుట్టి, కొలత చూడకుండా, ఇంకేదో అడిగాను. ఆ కాసేపు ఎవరూ నన్ను పిలవలేదు. అంతే తేడా. దీన్ని ఎవడు ఎక్కడ కోసి తీస్తాడు? వదినా అన్న పిలుపుని ఏ కత్తితో కోస్తారు?

నీళ్లు పోశాను. చేతులు కడుక్కున్నాను. పీటని కడిగి గోడకి ఆనించాను, లోపలే, చేతికి అందేంత దగ్గరగా, వంగలేని మోకాళ్లకి కూడా అందేలా. గడియ తీశాను.

ముగ్గురూ ఉన్నారు. ఈయన భుజాన పనిముట్ల సంచి, చేతిలో ఫోన్. ఆడపడుచు తువ్వాలు పట్టుకుని. అత్తగారు కుర్చీలో, కాళ్లు నేలకి అందీ అందకుండా. ముందు నా మొహం చూశారు, తర్వాత నా ఖాళీ చేతులు చూశారు. అయిందా అని ఎవరూ అడగలేదు, అడగాలని మాత్రం ముగ్గురి మొహాల్లోనూ ఉంది. నేను చెప్పలేదు. అది నాకూ వదలండమ్మకీ మధ్య సంగతి. తడి చేతులు తుడుచుకుంటూ, మామూలుగా, కూరలోకి ఉప్పు లేదని చెప్పినంత నెమ్మదిగా చెప్పాను.

“ఆ సర్జన్ గారికి నేను రానని చెప్పండి. థాంక్స్ కూడా చెప్పండి. నేను ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తాను, ఆవిడ ఇక చాలనేదాకా.”

ఈయన దగ్గబోయి ఆపుకున్నారు. “అది కాదోయ్, ఆయన అంత మాటిస్తే...”

“మాట మీకిచ్చారు. కోత నాకు. పీట ఇక లోపలే ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్లకి.”

అత్తగారు తల ఎత్తలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని, “సరేలే అమ్మాయీ” అన్నారు, చాలా మెల్లగా.

“అమ్మయ్య, పీట గొడవ తీరింది. ఇక నేను వెళ్లొచ్చా వదినా?” అని ఆడపడుచు తువ్వాలు భుజాన వేసుకుంది.

“వెళ్లు. ఇంకొక్కటి” అన్నాను. “లోపల ఎవరున్నా సరే, ఈ ఇంట్లో ఇక ఈ తలుపు ఎవరూ తట్టకూడదు. నేను లోపలున్నంతసేపూ నన్ను వదినా అని పిలవొద్దు. అమ్మాయీ అనొద్దు, ఏమోయ్ అనొద్దు. బయటికి వచ్చాక అన్నీ నేనే.”